ఇంట్లో ఉంటే నోరు మెదపలేను, బయటికొస్తే అద్దె కట్టలేను

ఇంగ్లండ్ మధ్య భాగంలోని ఒక పెద్ద ఊరి నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. తన పేరు, ఊరి పేరు వేయొద్దంది. తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ రాయడం నేర్చుకోలేదట. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి పంపింది. సారాంశం నా మాటల్లో ఇస్తున్నాను.

తన వయసు 23. గుంటూరు జిల్లాలో పుట్టి ఆరో ఏట అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లింది. ఇంట్లో అందరికీ బ్రిటిష్ పౌరసత్వం ఉంది. డిగ్రీ అయ్యాక ఒక యూత్ సెంటర్‌లో పార్ట్‌టైం ఉద్యోగంలో చేరింది. గ్రాంటు ఆగిపోయి ఆ సెంటరు మూతపడింది. గురువారం సాయంత్రాలు గే, లెస్బియన్, బైసెక్సువల్ పిల్లలు కలుసుకునేది కూడా అక్కడే. తను లెస్బియన్‌నని మొదటిసారి పైకి చెప్పుకున్నది ఆ సెంటర్‌లోని గదిలోనే. ఉద్యోగమూ పోయింది, మనసు విప్పి మాట్లాడుకునే చోటూ పోయింది.

2025-26 లెక్కన నెలకు 316.98 పౌండ్ల యూనివర్సల్ క్రెడిట్ (ఉద్యోగం లేనివాళ్లకు, జీతం చాలనివాళ్లకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే సాయం) వస్తోంది. అందులో 150 ఇంటి ఖర్చులకు అమ్మ చేతిలో పెడుతుంది. డబ్బు పడే బ్యాంకు ఖాతా చిన్నప్పుడు నాన్నగారు తెరిచినది, లెక్కంతా ఆయన ఫోన్‌లోనూ కనిపిస్తుంది. "ఏ బస్సెక్కి ఎటు వెళ్లానో కూడా ఆయనకు తెలిసిపోతుంది అక్కా" అని రాసింది. తమ్ముడు వీలు దొరికినప్పుడల్లా తన ఫోను తీసి చూస్తాడు.

ఏడాదిన్నరగా ఒక పంజాబీ అమ్మాయితో ప్రేమలో ఉంది. ఆమెకు 27. కేర్ హోమ్‌లో పని చేస్తుంది, నెలకు 1,500 పౌండ్ల దాకా చేతికొస్తుంది, సింగిల్ బెడ్‌రూం ఫ్లాటులో అద్దెకుంటోంది. "బట్టలు సర్దుకుని వచ్చేయ్, మిగతాది తర్వాత చూసుకుందాం" అంటోంది. ఇక్కడేమో ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. డిసెంబరులో బాబాయ్ కూతురి పెళ్లికి అందరూ హైదరాబాద్ వెళ్లాలట. నాన్నగారు తన పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. "అబ్బాయి వాళ్లు పెళ్లిలోనే చూసుకుంటారు, నచ్చితే అక్కడే కానిచ్చేద్దాం" అని పిన్ని ఫోన్‌లో నోరు జారింది.

తను అడిగినవి ఇవి. ఆ పంజాబీ అమ్మాయి దగ్గరికి వెళ్లిపోనా? వెళితే జాబ్‌సెంటర్ (ఆ సాయం చూసే ప్రభుత్వ ఆఫీసు) వాళ్లకు ఫ్రెండ్స్‌మని చెప్పొచ్చా? వేరే గది తీసుకుంటే గడుస్తుందా? అమ్మకు చెప్పేయాలా? చివర్లో ఇంకో మాట అడిగింది: "నా వయసు వాళ్లందరూ అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నారు కదా అక్కా. గవర్నమెంటు డబ్బుతో వేరే ఉంటానని అడగడం తప్పా?"

తల్లీ,

నువ్వు అడగని విషయం ముందు చెబుతాను. పాస్‌పోర్టుకు తాళం పడింది, పెళ్లిచూపుల మాట నీకు చెప్పకుండా దాచారు, టికెట్ల సంగతి నడుస్తోంది. మిగతా ప్రశ్నలు నెల ఆగినా పరవాలేదు, ఇది ఆగదు. మీ నాన్నగారి మనసులో ఏముందో నాకు తెలియదు. కూతురి పెళ్లి చేసి బాధ్యత తీర్చుకుంటున్నాననే ఆయన అనుకుంటూ ఉండొచ్చు. కానీ ఇంగ్లండ్‌లో 2014 నుంచి బలవంతపు పెళ్లి నేరం. మాయమాటలు చెప్పి అందుకోసం దేశం దాటించడం కూడా నేరమే. అక్కడి హోం శాఖ, విదేశాంగ శాఖ కలిసి నడిపే ఫోర్స్‌డ్ మ్యారేజ్ యూనిట్ ఉంది. పేరు చెప్పకుండా కూడా సలహా అడగొచ్చు. ఫ్యామిలీ కోర్టు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలదు, దానికి కోర్టు ఫీజు లేదు. పాస్‌పోర్టు అప్పగించమని ఆ ఉత్తర్వులోనే రాయించవచ్చు. కర్మ నిర్వాణ అనే సంస్థ 1993 నుంచి ఇదే పని మీద ఉంది. వాళ్ల హెల్ప్‌లైన్‌లో మాట్లాడేవాళ్లకు పరువు అంటే మన ఇళ్లల్లో ఏమిటో మొదటి నుంచి వివరించక్కర్లేదు. ఒకవేళ ఏదీ కుదరక ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాల్సి వస్తే, లోదుస్తుల్లో ఒక స్పూను పెట్టుకోమని వాళ్లు ఆడపిల్లలకు చెబుతుంటారు. సెక్యూరిటీ దగ్గర అది మోగుతుంది, నిన్ను విడిగా గదిలోకి తీసుకెళతారు, అక్కడ నోరు తెరిచి చెప్పొచ్చు. అంతవరకూ రాకూడదని కోరుకుంటున్నాను. అయినా తెలిసి ఉండాలి.

తప్పా అని అడిగావు కదా. కాదు. నీకు తప్పులా అనిపించడానికి కారణం ఉంది, అది నీ ఒక్కదాని ఆలోచన కూడా కాదు. పదిహేనేళ్లుగా బ్రిటన్ ప్రభుత్వాలు సంక్షేమానికి కోత పెట్టినప్పుడల్లా వెనకాల ఒకటే లెక్క: పిల్లలు కష్టంలో పడితే అమ్మానాన్నల ఇల్లుంది కదా అని. 2011లో ప్రైవేటు అద్దె ఇళ్లకు ఇచ్చే సాయం పరిమితిని తగ్గించారు. అంతకుముందు ఊళ్లో సగం ఇళ్లు ఆ పరిమితిలో దొరికేవి, తర్వాత నూటికి ముప్ఫై దొరికితే గొప్ప. 2012 జనవరి నుంచి 35 ఏళ్ల లోపు ఒంటరివాళ్లకు పంచుకునే ఇంట్లో ఒక గదికి సరిపడా మాత్రమే ఇస్తున్నారు. అంతకుముందు ఆ వయసు హద్దు 25. యూనివర్సల్ క్రెడిట్‌లో 25 నిండనివాళ్లకు మామూలు మొత్తమే తక్కువ. 2025-26 లెక్కల్లో నీకు 316.98 వస్తే, పాతికేళ్లు దాటినవాళ్లకు 400.14. అదే ఊరు, అవే బియ్యం, అదే బస్సు టికెట్టు, నెలకు 83 పౌండ్ల తేడా.

ఒక దశలో ఇంకా ముందుకు వెళ్లారు. 25 లోపు వాళ్లకు అద్దె సాయమే తీసేయాలని అప్పటి ప్రధాని కామెరాన్ 2012లో ప్రతిపాదించారు. 2017 ఏప్రిల్ నుంచి 18-21 ఏళ్ల వాళ్లకు యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె హక్కు నిజంగానే తీసేశారు. తల్లిదండ్రులతో ఉండలేని వాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు ఎలా దొరుకుతుందో ఆలోచించు. పందొమ్మిదేళ్ల కుర్రాడు తను గే అని, అందుకే నాన్న తలుపు తీయడం లేదని, అప్పుడే చూసిన ఆఫీసరుకు చెప్పి ఒప్పించాలి. స్నేహితులకు కూడా చెప్పుకోలేని మాట కౌంటరు దగ్గర చెప్పాలి. 2018లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ ఆ ఆలోచనా ధోరణి పోలేదు, పంచుకునే గది నియమం అలాగే ఉంది.

మీ ఊళ్లో మిగతా కుర్రకారుకు అమ్మానాన్నల ఇంట్లో ఉండడం అంటే కాస్త ఇరుకు, కాస్త చిరాకు. నీకు అలా కాదు. నీ ఇల్లు ఒక షరతు మీద నడుస్తోంది, నువ్వెవరో చెప్పనంతవరకే అది ఇల్లు. కోత అందరికీ ఒకేలా పడుతుందని కాగితం మీద రాసి ఉన్నా, నీలాంటివాళ్ల మీద రెండింతలు పడుతుందని నేను నమ్మేది ఇందుకే. ఇల్లూ వాకిలీ లేని యువతలో 24 శాతం ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) వాళ్లేనని, అలాంటి పిల్లలకు ఇల్లు వెతికిపెట్టే ఏకేటీ సంస్థ 2015లో అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం ఇంట్లోవాళ్లు కాదనడమే.

ఇప్పుడు నీ దారులు చూద్దాం.

మొదటిది, ఆమె దగ్గరికి వెళ్లడం. మనసు అటే లాగుతోందని నీ ఉత్తరంలో ప్రతి వాక్యం చెబుతోంది. డబ్బు లెక్క కూడా విను. ఇద్దరూ ఒకే ఇంట్లో జంటగా ఉంటే యూనివర్సల్ క్రెడిట్ ఇద్దరిదీ కలిపి ఒకే క్లెయిము అవుతుంది. ఇద్దరు ఆడవాళ్లయినా, ఇద్దరు మగవాళ్లయినా 2005 డిసెంబరు నుంచి అంతే. మీ జంటకు 2025-26లో ప్రాథమికంగా 628.10 పౌండ్లు, దానికి తోడు సింగిల్ బెడ్‌రూం స్థాయిలో అద్దె సాయం. జంటలకు ఆ పంచుకునే గది నియమం వర్తించదు, అది మంచి వార్త. అయితే ఆమె చేతికొచ్చే జీతంలో ప్రతి పౌండుకూ 55 పెన్నీలు తగ్గిస్తారు. 1,500కు 825. అంటే ఆ 628 మొత్తం పోయి, అద్దె సాయంలోంచి కూడా దాదాపు 197 పోతుంది. మిగిలేది కొంచెం. అది కూడా మామూలుగా ఒకే ఖాతాలో పడుతుంది.

దీని అర్థం నువ్వు గమనించాలి. ఈ రోజు నీ పేరున వచ్చే 316 పౌండ్లు రేపు ఉండవు. షాంపూ సీసా దగ్గర్నుంచి బస్సు పాసు దాకా ఆమెను అడగాలి. ఆమె మంచి మనిషే అని నీ మాటల్ని బట్టి నమ్ముతున్నాను. అయినా నాన్నగారి ఖాతా నుంచి బయటపడి ఇంకొకరి జీతం మీదికి వెళ్లడం నీకు ఏడాది తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకో. పని ఒత్తిడితో ఆమె ఇంటికి వచ్చిన రోజున, అద్దె ఆమెదే అయినప్పుడు, గొడవ ఎటు తిరుగుతుందో చెప్పలేం. వెళ్లాలనుకుంటే వెళ్లు. వెళ్లేముందు ఇద్దరూ కూర్చుని, నీకు ఉద్యోగం వచ్చేదాకా నెలకు ఇంత నీ చేతిఖర్చుకు అని మాట్లాడుకోండి. అద్దె ఒప్పందంలో నీ పేరు చేర్చమని ఇంటి యజమానిని అడగండి. పేరు లేకపోతే మనస్పర్థ వచ్చిన రోజున నువ్వు మళ్లీ రోడ్డు మీదే.

ఫ్రెండ్స్‌మని చెప్పొచ్చా అన్నావు. చెప్పొద్దు. ఇంట్లోవాళ్ల దగ్గర నువ్వు నిజం దాస్తున్నది ప్రాణభయంతో, అందులో నీ తప్పేం లేదు. జాబ్‌సెంటర్ దగ్గర దాస్తే అది మోసం కింద లెక్క. పొరుగువాడు ఫిర్యాదు చేసినా, కాగితాలు తేడాగా ఉన్నా తీసుకున్న డబ్బంతా తిరిగి కట్టమంటారు, పెనాల్టీ వేస్తారు, కేసు కూడా పెట్టొచ్చు. ఆమె ఉద్యోగం కేర్ హోమ్‌లో, ఆమె రికార్డు చెడితే ఉన్న ఒక్క జీతమూ పోతుంది. నిజం చెబితే వాళ్లు మీ నాన్నగారికి ఫోన్ చేయరు. నీ క్లెయిములోని సంగతులు నీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. ఇంకో సంగతి, ప్రేమలో ఉన్నంత మాత్రాన జంట కింద లెక్కించరు. ఒకే ఇంట్లో కాపురం ఉంటేనే. వేరువేరు ఇళ్లల్లో ఉంటూ ఇప్పటిలాగే కలుసుకుంటుంటే నీ క్లెయిము నీదే.

రెండో దారి, నీకంటూ ఒక గది. ఇప్పటికే క్లెయిము ఉంది కాబట్టి కొత్తవాళ్లలాగా మొదటి డబ్బుకు అయిదు వారాలు ఎదురుచూసే పని లేదు, చిరునామా మారిందని, అద్దె మొదలైందని తెలపాలి. ఇబ్బంది ఎక్కడంటే, వచ్చే అద్దె సాయం అసలు అద్దెను అందుకోదు. 2020 నుంచి నాలుగేళ్లు ఆ పరిమితిని కదిలించలేదు, 2024 ఏప్రిల్‌లో ఒకసారి పెంచి మళ్లీ ఆపేశారు. తక్కువ పడ్డది ఆ 316లోంచే కట్టాలి. పైగా పంచుకునే ఇల్లంటే వంటగది, బాత్‌రూం ముక్కూమొహం తెలియని నలుగురితో. వాళ్లలో ఒకరికి నీ సంగతి నచ్చకపోతే? 2013లో యునిసన్ కార్మిక సంఘం కోసం నాట్‌సెన్ పరిశోధన సంస్థ వాళ్లు నీలాంటివాళ్లతో మాట్లాడినప్పుడు బయటపడిన భయాల్లో ఇదీ ఒకటి. కోతల వల్ల తమను చిన్నచూపు చూసేవాళ్ల పక్కనే బతకాల్సి వస్తుందని. పరాయి వంటగదిలో కూడా నువ్వు నోరు కట్టేసుకుని బతకాలంటే ఇల్లు మారి లాభమేముంది? గది చూడ్డానికి వెళ్లినప్పుడు అద్దె ఒక్కటే కాదు, అక్కడున్న మనుషులతో పావుగంట కూర్చుని మాట్లాడి రా.

మూడో దారి చాలామందికి తెలియనిది, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. కౌన్సిల్ (అంటే మన మునిసిపాలిటీ లాంటిది) హౌసింగ్ ఆఫీసు. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఎవరైనా 56 రోజుల్లో ఇల్లు కోల్పోయే ప్రమాదంలో ఉంటే కౌన్సిల్ సాయం చేసి తీరాలి. నీకు అంతకంటే బలమైన ఆధారం ఉంది. 2021 నాటి గృహహింస చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. డబ్బు మీద పెత్తనం, కదలికల మీద నిఘా, బెదిరింపు కూడా అందులోకే వస్తాయి. చేసేది భర్తే కానక్కర్లేదు, తండ్రి కావచ్చు, తమ్ముడు కావచ్చు. ఆ కారణంగా ఇల్లు లేనివాళ్లకు కౌన్సిల్ ముందు వరుసలో వసతి చూపాలి. అలాంటివాళ్లకు 2022 అక్టోబరు నుంచి పంచుకునే గది నియమం నుంచీ మినహాయింపు ఉంది. సింగిల్ బెడ్‌రూం స్థాయి అద్దె వస్తుంది. డాక్టరో, పోలీసో, సాయం చేసే సంస్థో రాసిచ్చిన కాగితం అడుగుతారు. ఇల్లు వదిలాక చెబితే ఉద్యోగం వెతకాలన్న షరతును 13 వారాల దాకా ఆపే వీలు కూడా ఉంది.

కానీ ఆఫీసులో కూర్చుని "ఇంట్లో కొంచెం ప్రాబ్లమ్స్ ఉన్నాయండీ" అంటే పని జరగదు. మనవాళ్లం ఇంటి గుట్టు బయట పెట్టకూడదని పెరిగినవాళ్లం, మాట మింగేస్తాం. పాస్‌పోర్టు తాళంలో ఉంది, ఖాతా నాన్న చూస్తారు, ఫోన్ తమ్ముడు చూస్తాడు, పెళ్లి ఖాయం చేయబోతున్నారు, నేను లెస్బియన్‌ని, తెలిస్తే ప్రమాదం. ఈ మాటలు ఇలాగే, ఇదే వరుసలో చెప్పు. వీలైతే ఒంటరిగా వెళ్లకు. ఈ దారికీ ఖరీదు ఉంది. మొదట ఇచ్చేది హాస్టల్లో గది కావచ్చు, ఊరి రెండో చివర కావచ్చు. కౌన్సిళ్ల దగ్గర డబ్బు లేదు. బర్మింగ్‌హామ్ అంత పెద్ద కౌన్సిలే 2023 సెప్టెంబరులో డబ్బు లేదని చేతులెత్తేసింది. కాదు, లేదు అంటారు. అన్నది రాతపూర్వకంగా ఇవ్వమని అడుగు.

నాలుగోది, కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి సిద్ధపడడం. దీన్ని పిరికితనం అనుకోవద్దు. ఉద్యోగం దొరికి చేతిలో నాలుగు డబ్బులు ఉన్నప్పుడు బయటికి రావడం వేరు, 316 పౌండ్లతో రావడం వేరు. అయితే డిసెంబరు ప్రయాణం తప్పించుకోగలిగితేనే ఇది దారి. ఉద్యోగం ఇంటర్వ్యూలనో, కోర్సు అనో గట్టి సాకు దొరికి వాళ్లు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఈ నాలుగోదాన్ని మర్చిపో.

నా మొగ్గు ఎటో అడిగితే మూడో దారి వైపు. అది తేలేదాకా ఆమె ఫ్లాటు నీకు ఒక రాత్రి తలదాచుకునే చోటుగా ఉంటే చాలు. వేరేలా అనిపిస్తే నీ ఇష్టమే నడవాలి. ఆ ఇంట్లో ఉంటున్నది నువ్వు, నీకు తెలిసినంత నాకు తెలియదు.

ఏది ఎంచుకున్నా ఈ వారమే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నీ పేరు మీదే ఇంకో బ్యాంకులో ఖాతా తెరువు, స్టేట్‌మెంట్లు కాగితం మీద ఇంటికి రాకుండా చూసుకో. అయితే యూనివర్సల్ క్రెడిట్ వెంటనే అందులోకి మార్చకు, ఆ నెల డబ్బు పడకపోతే నాన్నగారు అడుగుతారు. బయటపడే రోజుకు రెండు రోజుల ముందు మార్చు. జాబ్‌సెంటర్‌కు సంగతులు రాసే ఆన్‌లైన్ జర్నల్‌లో ఏదీ రాయకు, తమ్ముడు చదవొచ్చు. జాబ్‌సెంటర్‌లో నీ సంగతి చూసే వర్క్ కోచ్‌ను విడిగా గదిలో మాట్లాడాలని అడుగు. డిగ్రీ సర్టిఫికెట్టు, పౌరసత్వం కాగితం, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఫొటోలు తీసి నీ పంజాబీ అమ్మాయి ఫోన్‌కు పంపి నీ ఫోన్‌లోంచి తీసెయ్.

సాయం చేసే చోట్లు తగ్గిపోయాయని నీకు నేను చెప్పక్కర్లేదు, నీ గురువారం సాయంత్రాలే పోయాయి. ముప్ఫై ఏళ్లు మానసిక ఆరోగ్యం మీద పని చేసిన లండన్ సంస్థ పేస్ 2016 జనవరిలో మూతపడింది. ఎల్‌జీబీటీ వాళ్ల మీద గృహహింసకు దేశమంతటికీ హెల్ప్‌లైన్ నడిపిన బ్రోకెన్ రెయిన్‌బో అదే ఏడాది జూన్‌లో మూతపడింది. ఆ లైను ఆగిపోకుండా గాలప్ సంస్థ అందుకుంది, ఇప్పటికీ నడుపుతోంది. నువ్వు ఫోన్ చేయాల్సినవాటిలో అదొకటి. ఇంకొకటి ఏకేటీ. 1989లో మాంచెస్టర్‌లో పుట్టిన సంస్థ, 16 నుంచి 25 ఏళ్ల వాళ్లకు ఇల్లు వెతకడంలో తోడుంటుంది. నీకు 23, ఆ తలుపు ఇంకో రెండేళ్లే తెరిచి ఉంటుంది. కౌన్సిల్‌కు వెళ్లేముందే వాళ్లతో మాట్లాడు.

ఇది చదివే మన పిల్లల్లో స్టూడెంట్ వీసా మీదో, వర్క్ వీసా మీదో అక్కడ ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకో మాట. మీ వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదనే షరతు ఉంటుంది. పైన చెప్పిన క్లెయిములు మీవి కావు, తొందరపడి పెడితే వీసాకే ముప్పు. కానీ పోలీసు, కర్మ నిర్వాణ, గాలప్, బలవంతపు పెళ్లి నుంచి కోర్టు రక్షణ, వీటికి వీసా అడ్డు రాదు. ముందు అనుమతి ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడండి.

ఇక అమ్మ సంగతి. "నీలో ఏదైనా తేడా ఉందని తెలిస్తే నేను బతకను" అని ఆవిడ ఒకసారి అన్నదని రాశావు. ఆ మాట నీ గుండెల్లో ఎంత లోతుగా దిగిందో నాకు అర్థమవుతోంది. అమ్మలు అలా అంటారు, చాలామంది తర్వాత బతుకుతారు, కూతురితోనూ బతుకుతారు. అందరూ కాదు. ఆవిడ ఏ కోవలోకి వస్తుందో నీకైనా ఇప్పుడే తెలియదు. అందుకే చెప్పాలా వద్దా అన్నది తర్వాత, ఎక్కడుండి చెప్పాలి అన్నది ముందు. ఆ ఇంట్లో, ఆ బీరువా తాళం నాన్నగారి దగ్గర ఉండగా చెప్పకు. నీకంటూ ఒక తాళంచెవి ఉన్న గదిలోంచి, ఆవిడ ఒంటరిగా ఉండే మధ్యాహ్నం పూట ఫోన్ చేసి చెప్పొచ్చు. ఏడుస్తుంది, పెట్టేస్తుంది. వారం తర్వాత మళ్లీ చెయ్. అసలు చెప్పకుండా, వేరే ఊళ్లో ఉద్యోగమని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన అమ్మాయిలు కూడా ఉన్నారు. అదీ ఒక బతుకే, దాన్ని నేను తక్కువ చేయను. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో నీ చేతిలో ఉండాలి, పిన్ని నోటి నుంచో తమ్ముడి ఫోన్ నుంచో రాకూడదు. ముందు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్, నీ ఫోన్‌లోంచి కాదు, నీ పంజాబీ అమ్మాయి ఫోన్‌లోంచి.